పాపను తయారు చేసి ఉంచండి

ఇది ఒక మహాగాథ. ఇందులో చావు ఉంది, చావు తర్వాత వచ్చిన కబురు ఉంది, తాళమేసిన గది ఉంది. ఒక తల్లి భయం, ఒక ఇల్లాలి పంతం, ఆఖరికి ఆర్మూర్ గల్లీల్లో ప్రాణాలకు తెగించిన పరుగు కూడా ఉన్నయి. చదివినంక మీకు నిద్ర పట్టదు.

అని మొదలుపెడ్దామనుకున్న. నిజం చెప్పాలంటే ఇది ఒక ప్రింటర్ కథ. పరుగు కూడా అంత పెద్దదేం కాదు, మధ్యలో చెప్పు తెగింది కాబట్టి సగం నడకే. నిద్ర బాగానే పడ్తది. కొందరికి ఇక్కడే పట్టి ఉంటది, వాళ్లను లేపకండి.

నేను రిటైరైన మనిషిని. ముప్పై దాటంగనే రిటైరైన. నాకు వయసైపోలేదు, నా పనికి అయిపోయింది. ఇండ్లకు పోయి కంప్యూటర్లు బాగుచేసే పని అది. అందరి చేతుల్లోకి ఫోన్లు వచ్చినంక నన్ను పిలిచేటోళ్లు లేరు. ఇప్పుడు డ్రిప్ పైపులు అమ్ముతున్న. వాటిలో దయ్యాలు రావు. ఒక్కోసారి నీళ్లు కూడా రావు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు ఫోటో ఒకటి పంపాలంటే వేలుతోని ఒక్కసారి నొక్కి ఊరుకుంటరు. మా కాలంలో కింది గదిలోని కంప్యూటర్ నుంచి పై గదిలోని కంప్యూటర్‌కు ఒక ఫైలు పోవాలంటే గోడకు రంధ్రం పెట్టి వైరు గుంజి, రెండిటికీ పేర్లు పెట్టి, ఫోల్డర్‌ను షేర్ చేసి, అది పనిచేయకపోతే నన్ను పిలిచేటోళ్లు. నేను పోయి వైరు పీకి మళ్లీ పెట్టేటోణ్ని. సగం సార్లు అంతే. మిగిలిన సగం సార్లు ముఖం గంభీరంగ పెట్టి, తర్వాత వైరు పీకి మళ్లీ పెట్టేటోణ్ని.

మా దుకాణంలో ముగ్గురం. సేటు ఫోన్ ఎత్తుతడు. నేను వైరు పీకుతా. మూడో మనిషి మా సీనియర్. అన్న అని పిలిచేటోణ్ని. ఏ కంప్యూటర్ విప్పినా ముందు దాని నెత్తి మీద చెయ్యి పెట్టి కండ్లు మూసుకునేటోడు. ఆయన దగ్గర రెండే మందులు ఉండె. ప్రింటర్ నడవకపోతే టెస్ట్ పేజీ కొడ్తడు. టెస్ట్ పేజీ రాకపోతే ఫార్మాట్ చేస్తడు. సౌండ్ రాకపోయినా ఫార్మాటే. కరెంటు లేకపోతే కూసొని ఆలోచించి, కరెంటు వచ్చినంక ఫార్మాట్ చేస్తడు. ఉన్న ఫైళ్లన్నీ పోతయి కదన్నా అంటే, "పాత జన్మ గుర్తుంటే మనిషికే కష్టం తమ్మీ, మిషన్ ఏం ఓర్సుకుంటది" అనేటోడు. మనిషి మంచోడు. ఆయన చేతిలో పడ్డ కంప్యూటర్లకు మాత్రం ఏదీ యాదికుండకపోయేది.

ఇంకో ముచ్చట కూడా ముందే చెప్పాలె. వేరే ఊర్లల్ల సీపీయూ విప్పితే బూడిద రంగు దుమ్ము ఉంటదట. మా ఊర్లో పసుపు రంగుది ఉంటది. పసుపు కొమ్ములు ఉడకబెట్టి, ఎండబెట్టి, డ్రమ్ముల్లో తిప్పి పాలిష్ పట్టే కాలం వస్తే గాలికి కూడా పసుపు రంగు వస్తది. అది ఫ్యాన్‌కు పడ్తది, సీడీ డ్రైవ్ లోపలి అద్దానికి పడ్తది. అద్దానికి పసుపు పట్టినంక ఆ డ్రైవ్‌కు ఏ సీడీ పెట్టినా కనవడదు. ఆ కాలం మాకు గిరాకీ కాలం. పెళ్లికూతుర్ల లెక్క పసుపు పూసుకొని కూసున్న కంప్యూటర్లను వరుసగా కడిగి పంపేటోళ్లం.

అట్లాంటి పసుపు కాలంలోనే ఆ ఫోన్ వచ్చింది. పెర్కిట్ దిక్కు పోయే తొవ్వలో ఒక మేడ ఇల్లు. రెండు కంప్యూటర్ల మధ్య షేరింగ్ పనిచేస్తలేదట. నేను పోయిన.

ముందు గదిలో ఒక అక్క కంప్యూటర్ పెట్టుకొని లగ్గం పత్రికలు, దరఖాస్తులు టైపు చేసి ప్రింటు ఇస్తుంది. మూడేండ్లు కూడా నిండని పాప ఆమె కొంగు పట్టుకొని ఉంది. పక్క గది గడపలో అత్త కూసొని పసుపు కొమ్ములు ఏరుతుంది.

"పై కంప్యూటర్‌ల ఒక ఫోల్డర్ ఉంది తమ్మీ. కనవడ్తది. తెరుస్త అనేసరికి పోతది," అన్నది అక్క.

చూసిన. నెట్‌వర్క్‌లో రెండు పేర్లు ఉన్నయి. ఒకటి ఈమె కంప్యూటర్. రెండోది ఒక మొగమనిషి పేరు. దాన్ని నొక్కిన. ఒక ఫోల్డర్ తెరుచుకుంది, లోపల ఏవో ఫైళ్ల పేర్లు ఒక్క నిమిషం మెరిసినయి, అంతలోనే దారి దొరుకుతలేదని పెట్టె వచ్చి మొత్తం మాయమైంది. ఇది నాకు రోజూ ఉండే పనే. పై కంప్యూటర్ ఆన్‌లోనే ఉందా అక్కా, జర పైకి పోయి చూస్త అన్న.

"పైన కంప్యూటర్ లేదు," అన్నది.

అత్త కొమ్ములు ఏరుడు ఆపింది.

పోయి చూద్దువు రా అని అక్కనే తాళం తీసుకొని మెట్లెక్కింది. నేను వెనుక పోయిన. గదిలో ఒక బల్ల, ఒక కుర్చీ. బల్ల మీద పసుపు దుమ్ము సన్నగ పరుచుకొని ఉంది. మధ్యలో మాత్రం మానిటర్ అడుగు ఉండే చోటు ఇంకా పల్చగ, గుండ్రంగ కనవడ్తుంది. వెంటిలేటర్‌లోంచి నెట్‌వర్క్ వైరు లోపలికి వచ్చి గాలిలో వేలాడుతుంది. దాని కొన దేనికీ తగిలించి లేదు.

నేను ఆ కొనను చేతిలో పట్టుకొని చూసిన. ఏం చూస్తున్ననో నాకే తెల్వదు. ఊకుంటే బాగుండదని అటు ఇటు తిప్పిన.

ఆ పేరు ఆమె పెనిమిటిది. గల్ఫ్‌లో పని చేసి వచ్చి, ఈ రెండు కంప్యూటర్లు ఆయనే కొని, వైరు ఆయనే గుంజి, పైదానికి తన పేరే పెట్టుకున్నడట. ప్రింటర్ ఒక్కటే, కింద. పైన పత్రికలు తయారు చేసి ప్రింటు కొడ్తే కింద వచ్చేది. రెండేండ్ల కింద జక్రాన్‌పల్లి కాడ హైవే మీద ఆయన బండిని లారీ గుద్దింది. పాప అప్పుడు పాకుతుంది. దినాలు అయినంక, చనిపోయినోళ్ల చేతి సామాన్లు ఇంట్ల ఉండొద్దని అత్త ఆయన మంచం, పరుపు, బట్టల తోని ఆ కంప్యూటర్‌ను కూడా బండికెత్తించి ఇచ్చేసింది. వాళ్లలో పద్ధతి ఏందంటే, అట్ల ఇచ్చిన వస్తువు ఎవరి ఇంట్ల ఉందో అడగొద్దు. మళ్లీ తెచ్చుకోవద్దు. కింది కంప్యూటర్ మిగిలింది, ఎందుకంటే దాని మీద ఇల్లు నడుస్తుంది కాబట్టి.

నేను దుకాణపోని గొంతుతో ఒక ఉపన్యాసం ఇచ్చిన. కంప్యూటర్‌కు పాత పేర్లు యాదికుంటయక్కా, అవతల మనిషి లేకపోయినా జాబితాలో కొన్ని దినాలు చూపిస్తది అన్న.

"రెండేండ్లా?" అన్నది.

నిజమే. అంత జ్ఞాపకశక్తి మా సేటుకు కూడా లేదు.

ఆ ఫోల్డర్‌లో ఏముందని అడిగిన. అప్పుడు చెప్పింది. గల్ఫ్‌లో ఉన్న దోస్తులతోని మాట్లాడనీకి ఆయన ఒక మైకు కొన్నడట. అది పనిచేస్తుందా లేదా అని ఒకసారి తన గొంతు రికార్డు చేసి, ఆ ఫైలును షేర్ ఫోల్డర్‌లో పెట్టి, కింద తెరిచి విను అన్నడట. ఈమె పనిలో పడి తెరవలేదు. రేపు వింట అన్నది. ఆ రేపు ఇంకా రాలేదు.

పెళ్లి క్యాసెట్ ఉంటది కదా అన్న. ఆమె నవ్వింది. మీకు తెల్వకపోవచ్చు, అప్పటి పెళ్లి వీడియోల మీద మొదటి నుంచి ఆఖరిదాకా సినిమా పాటలు అతికించేటోళ్లు. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు ఒక పాట, అప్పగింతలకు ఒక ఏడుపు పాట. మనుషుల పెదాలు కదుల్తయి, ఒక్క గొంతూ రాదు. ఫోటోలు ఉన్నయి, గోడకు దండేసిన పటం ఉంది. గొంతు లేదు. నాన్న అంటే పాప అటు తిరిగి పటం దిక్కు చూపిస్తది, కాని పటం ఎప్పుడూ మాట్లాడలేదు కాబట్టి దాన్ని పెద్దగ లెక్కచేయదు.

"నాకు అది దయ్యమైనా ఫికర్ లేదు తమ్మీ," అన్నది. "గా గొంతు కావాలె. పాప ఒక్కసారి వినాలె."

అప్పుడు కింద ఏదో కిర్రుమన్నది. ప్రింటర్ లేచిన చప్పుడు అది, రోజూ పది ఇండ్లల్ల వినేదే. కాని ఆ ఇంట్లో కింద ఉన్నది అత్త, పాప. ఇద్దరిలో ఎవ్వరికీ ప్రింటు కొట్టుడు రాదు.

దిగి వచ్చేసరికి కాగితం సగం బయటికి వచ్చి ఆగి, మళ్లీ కదిలి, కింద పడింది. మధ్యలో పెద్ద అక్షరాలతోని మూడు వరసలు.

ఆదివారం సాయంత్రం వస్తున్నాము.
తలుపు తీసి ఉంచండి.
పాపను తయారు చేసి ఉంచండి.

కింద పేరు లేదు. ఆ తెలుగు అక్షరాలు అక్క పత్రికలకు వాడే అక్షరాలే, ఆమె పెనిమిటి తెచ్చి రెండు కంప్యూటర్లకు ఎక్కించినయి. ప్రింటర్ వరుస తెరిచి చూస్తే ఇంకో ప్రింటు క్యూలో ఉంది. పంపినోళ్ల పేరు ఉండాల్సిన చోట ఆయన పేరు ఉంది. నేను చూస్తుండంగనే అదీ బయటికి వచ్చింది. అవే మూడు వరసలు. మళ్లీ ఒకటి. పంపేటోడు పట్టుదల మనిషి.

నేను ధైర్యవంతుణ్ని కాదని మీకు అర్థమై ఉంటది. కాకపోతే చేతిలో స్క్రూ డ్రైవర్ ఉంటే మనిషి పనిలో ఉన్నట్టు కనవడ్తడు. నేను పైకి పోయే వైరును కింద వైర్లన్నీ కలిసే డబ్బాలోంచి పీకిన. చాలదని కట్టర్ తీసి, వెంటిలేటర్ కాడ దాన్ని తునకలు చేసిన. ఇప్పుడు పై గదికి, కింది గదికి మెట్లు తప్ప సంబంధం లేదు. ఇంక రాదు పెద్దమ్మా, అని అత్తతోని అన్న.

నేను బూట్లు వేసుకుంటుండంగ మళ్లీ కిర్రుమన్నది.

దుకాణానికి ఎంత దర్జాగ వచ్చిననో అడగకండి. సైకిల్ మోటార్ స్టార్ట్ చేయకుండ కొంత దూరం నెట్టుకుంటనే వచ్చిన, ఎందుకో నాకూ తెల్వదు. మా ఊరి గుట్ట మీది నల్ల బండలన్నీ ఆ పూట నా దిక్కే తిరిగి కూసున్నట్టు అనిపించింది. అవి ఎప్పుడూ అట్లనే ఉంటయి, బండలు తిరగవు.

అన్నకు మొత్తం చెప్పిన. ఆయన కండ్లు మూసుకొని విన్నడు. ఆత్మలకు కరెంటు అంటే ఇష్టమని, వైరు కోయొద్దుండె, అడ్డం పెడ్తే వాటికి కోపం వస్తదని అన్నడు. తర్వాత తన బాధ చెప్పుకున్నడు. అదే పెర్కిట్ తొవ్వకు వెనుక గల్లీలో ఉండి, ఇంటింటికీ పోయి యేసు ప్రార్థనలు చేసే ఒక అయ్యగారు పాత కంప్యూటర్ ఒకటి, పాత ప్రింటర్ ఒకటి కొన్నడట. ఆ ప్రింటర్ పాణం ఉన్నట్టే చప్పుడు చేస్తది కాని ఎంత కొట్టినా ఒక్క కాగితం రాదు. ఫోన్ మీద ఫోన్ చేస్తుండు. అయ్యగారికి విసుగొచ్చి రోజూ స్విచ్ కట్టేసి ఊరుకుంటుండట. ఆదివారం పోయి ఫార్మాట్ కొట్టి వస్త అన్నడు అన్న.

ఒక ఇంట్లో కొట్టకుండనే ప్రింటు వస్తుంది, పక్క గల్లీలో కొట్టినా వస్తలేదు. ఆ రెండు ముచ్చట్లూ ఒకే బల్ల మీద, రెండు చాయ్ గ్లాసుల మధ్య కూసున్నయి. మీకు అర్థమైందని తెలుసు. తల ఊపకండి. మాకు అర్థం కాలేదు. చాయ్ తాగి, ఎవరి దయ్యం వాళ్లం పంచుకొని పనికి పోయినం.

ఎందుకు అర్థం కాలేదంటే దానికీ ఒక కారణం ఉంది. ఆ నెలలోనే మా ఊర్లో టీవీ కేబుల్ ఆయన ఇండ్లకు ఇంటర్నెట్ కూడా ఇచ్చుడు షురూ చేసిండు. స్తంభానికి ఒక డబ్బా కట్టి, అందులోంచి ఇంటింటికీ ఒక వైరు గుంజిండు. మాకు అది కూడా టీవీ లెక్కనే అనిపించింది. బయటినుంచి ఇంట్లోకి వస్తది, అంతే. ఇంట్లోంచి బయటికి, పక్కింట్లోకి కూడా పోతదని మా ముగ్గురిలో ఎవ్వరికీ తోచలేదు. ఇంటి వైరు కోసిన మొనగాణ్ని, పక్కనే ఉన్న కేబుల్ వైరును అట్లనే వదిలేసి వచ్చిన.

ఆదివారం దాకా ఆ ఇంట్లో ఏం నడిచిందో అక్క తర్వాత చెప్పింది. కాగితాలు వస్తనే ఉన్నయట. అత్త ప్రింటర్ మీద దుప్పటి కప్పింది. దుప్పటి కింద కూడా కిర్రుమన్నదట, అది ఇంకా పాడుగ ఉందట, లోపల ఏదో పొర్లుతున్నట్టు. పీకేద్దామంటే లగ్గాల కాలం, దాని మీద బువ్వ. అత్తకు అన్నిటికంటే మూడో వరసతోనే భయం. కొడుకు వస్తే రానియ్యి, కాని బిడ్డను ఎందుకు తయారు చేయమంటుండు, ఎటు తోల్కపోతడు, అన్నదట. వెంట ఎవరో ఉన్నట్టు వస్తున్నాము అంటుండు, ఎవలను తీస్కొస్తుండు, అని కూడా. పాపను సిరికొండలో అమ్మగారింటికి పంపియ్యి అని పట్టుబట్టింది. అక్క పంపలేదు. ఆయన వచ్చేదే నిజమైతే పాప ఇంట్ల ఉండాలె అన్నదట.

ఆ మాట మీద అత్త పట్టు విడిచింది. ఆదివారం పొద్దున లేచి, వంకాయ కూర వండిందట, కొడుకుకు ఇష్టమని. భయపడుకుంటనే వండిందట.

నన్ను రమ్మని అక్క ఫోన్ చేసింది. కంప్యూటర్ కనవడే ఆ ఒక్క నిమిషంలో ఆ ఫైలును నువ్వు జల్ది గుంజుకోగలవా తమ్మీ అని అడిగింది. మధ్యాహ్నం తిని పోయిన. వాకిలి తలుపు తెరిచే ఉంది. అది గాలి కోసం కాదని నాకు తెలుసు. పాపకు తలస్నానం పోసి, కొత్త గౌను తొడిగి, కాటుక పెట్టి కూసోబెట్టిన్రు. పాప ఆ గౌను జేబులో పసుపు కొమ్ములు నింపుకుంటుంది. నలుగురం ప్రింటర్ ఎదురుంగ కూసున్నం. నేను కొన్ని వందల ప్రింటర్ల ముందు కూసున్న మనిషిని, కాని ఒక ప్రింటర్ నా దిక్కు చూస్తున్నట్టు అనిపించుడు అదే మొదలు.

ఎండ జారుతుంది. పాలిష్ డ్రమ్ముల చప్పుడు దూరంగ వినవడ్తుంది. జాబితాలో ఒక్క పేరే ఉంది. నేను మాటిమాటికి దాన్ని రిఫ్రెష్ కొడ్తున్న. ఒక్కటే. ఒక్కటే. మళ్లీ నొక్కిన.

రెండు.

ఫోల్డర్ నొక్కబోయిన. అంతలోనే ప్రింటర్ లేచింది. అత్త పాపను గుంజి ఒళ్లో పెట్టుకుంది. కాగితం వస్తుంది, ఈసారి మెల్లగ, ఈసారి చిన్న చిన్న అక్షరాలు, నిండుగ. పైన కుడి పక్కన ఏదో బొమ్మ. అక్క చెయ్యి నా భుజం మీద పడింది. గోర్లు దిగుతున్నయని ఆమెకు తెల్వదు.

నేను కాగితం అందుకొని చదివిన. ప్రింటర్ సరిగ్గ బిగించినందుకు నాకు అభినందనలు చెప్పింది ఆ కాగితం.

టెస్ట్ పేజీ.

దయ్యాల గురించి నాకు పెద్దగ తెల్వదు. కాని చనిపోయిన మనిషి పెండ్లాం బిడ్డల కోసం అంత దూరం నుంచి వచ్చి టెస్ట్ పేజీ కొట్టడు. ఈ భూమ్మీద టెస్ట్ పేజీ కొట్టేటోడు నాకు తెలిసి ఒక్కడే ఉన్నడు. ఆయన ఇప్పుడు వెనుక గల్లీలో ఉన్నడు. టెస్ట్ పేజీ కొట్టిండంటే, అది అక్కడ రాలేదంటే, ఆయన రెండో మందు సంచిలోంచి తీస్తుండు.

ఒక్కసారిగ అంతా కూడుకుంది. పాత కంప్యూటర్. పేరు మార్చలేదు. పాత ప్రింటర్ దారి మార్చలేదు. రెండు ఇండ్లకూ ఒకటే కేబుల్ డబ్బా.

"అక్కా, అది వెనుక గల్లీల ఉంది," అన్న. "మా అన్న దాన్ని ఫార్మాట్ చేయబోతుండు. ఫార్మాట్ అయితే గొంతు పోతది."

ఫోన్ చేసిన. అన్న పనిలో ఉంటే ఫోన్ కట్టేస్తడు, మిషన్ మనసు చెదురుతదని. సేటుకు చేస్తే అయ్యగారి ఇల్లు ఎక్కడో చెప్పి, ఆదివారం పూట నువ్వు అక్కడేం చేస్తున్నవని అడిగిండు. కట్ చేసి ఉరికిన. అక్క పాపను చంకనేసుకొని నా వెనుకనే. చెప్పిన కదా, గల్లీ మలుపు కాడ నా చెప్పు తెగింది. అక్క నన్ను దాటి పోయింది. ఆమెకు ఇల్లు తెల్వదు, అయినా నాకంటే ముందే చేరింది, ఎందుకంటే ఆ గల్లీలో వాకిట్ల మా దుకాణం స్టిక్కర్ అంటించిన బండి ఒక్కటే ఉంది.

నేను కుంటుకుంట లోపలికి పోయేసరికి ఒక గదిలో చాపలు పరిచి ఉన్నయి. అయ్యగారి వెంట ప్రార్థనకు పోనీకి వచ్చిన నలుగురైదుగురు గోడకు ఆనుకొని ఉన్నరు. బల్ల ముందు అన్న. పక్కన అయ్యగారు. అక్క ఆ కంప్యూటర్ ముందు నిలబడి రొప్పుతుంది. పాప జేబులోంచి పసుపు కొమ్ములు రాలుతున్నయి.

తెర దిక్కు చూసిన. నీలం రంగు లేదు. ఫార్మాట్ మొదలైతే నీలం రంగు రావాలె.

"అన్నా, చేసినవా?"

"ఏడ తమ్మీ," అన్నడు అన్న. "దీనెవ్వ, సీడీనే చదువుతలేదు. ఎంత తుడిచినా చదువుతలేదు. డ్రైవ్ నిండ పసుపు ఉంది. గీ అయ్యగారికి సూస్తే చేను లేదు చెలక లేదు, గింత పసుపు ఎక్కడిదో."

అక్క ఆ డ్రైవ్ దిక్కు చూసింది. ఆమె పెనిమిటి కూసొని పని చేసుకుంటుంటే కిటికీలోంచి లోపలికి పోయిన పసుపు అది. తుడువు అని రోజూ పోరుపెట్టేదట. తుడువలేదట.

అయ్యగారికి ముచ్చట మొత్తం చెప్పిన. ఆయన బస్ డిపోలో మెకానిక్, సాయంత్రాలు ప్రార్థన. ఆ ఆదివారం ఒక ఇంట్లో చిన్న పిల్ల కోసం ప్రార్థన పెట్టుకున్నరు, వాళ్లకు పంపే చీటీ కోసమే ఆ మూడు వరసలు టైపు చేసిండు. కింద పేరు ప్రింటు అయినంక చేత్తోని రాద్దామనుకున్నడు. ఇన్ని దినాలు పక్కింటోళ్లను భయపెట్టినమా అని నెత్తి పట్టుకున్నడు. తర్వాత లేచి కుర్చీ జరిపి, అక్కను కూసోమన్నడు.

ఫోల్డర్ ఆ కంప్యూటర్‌లో అట్లనే ఉంది. కొన్నోళ్లకు దాన్ని తెరిచే పని పడలేదు. ఫైళ్ల మధ్యలో ఒకటి, మైకు అని పేరు పెట్టి ఉంది. నిమిషం కంటే ఎక్కువ ఉండదు, అప్పటి రికార్డర్‌లో అంతే పట్టేది. స్పీకర్లు లేవు. అన్న సంచిలోంచి తీసి తగిలించిండు. ఎవరూ చెప్పకుండనే ఆ కంప్యూటర్ నెత్తి మీద చెయ్యి పెట్టిండు. ఆ ఒక్కసారి నేను నవ్వలేదు.

నొక్కిన.

మొదలు ఒట్టి గరగర. తర్వాత కుర్చీ కిర్రుమన్నది. తర్వాత గొంతు, దగ్గరగ, మైకును మింగుతున్నట్టు.

"హలో. హలో. వినవడ్తుందా? ఏమే, కింద వినవడ్తుందా నీకు?"

వెనుక ఎక్కడో పసిబిడ్డ ఏడుపు. చాన దూరం నుంచి, మెట్ల కిందినుంచి, ఆడగొంతు. "మైకు ల్యాకున్న వినవడ్తది. అన్నం సల్లారుతుంది, రా."

"వస్తున్న," అన్నది గొంతు. నవ్వింది. "వస్తున్న, వస్తున్న."

అంతే. గరగర. అయిపోయింది.

పాప స్పీకర్ వెనుక చూసింది, అక్కడ ఎవ్వరూ లేకపోయేసరికి రెండో స్పీకర్ వెనుక కూడా చూసింది. మల్లొక్కసారి అన్నది. మళ్లీ పెట్టినం. ఎన్నిసార్లు పెట్టినమో చెప్పను. ప్రార్థన ఆలస్యమైంది.

అయ్యగారు కంప్యూటర్ తీస్కపో బిడ్డా అన్నడు. అక్క వద్దన్నది. ఇచ్చింది ఇచ్చిందే, గొంతు చాలు అన్నది. నేను తిరిగి ఆమె ఇంటికి పోయి, కింది కంప్యూటర్‌లో జాబితా తెరిచి, ఆయన పేరు నొక్కిన. ఈసారి ఎవ్వరూ స్విచ్ కట్టలేదు. ఫైలు ఒక కాగితం బొమ్మ లెక్క ఒక ఫోల్డర్‌లోంచి ఇంకో ఫోల్డర్‌లోకి ఎగురుకుంట వచ్చింది. వైరు పీకి మళ్లీ పెట్టకుండ నేను చేసిన షేరింగ్ అదొక్కటే.

అత్తకు వినిపించినం. వాకిలి తలుపు అప్పటికీ తెరిచే ఉంది. ఆమె గడపలో కూసొని, గొంతు వినంగనే తల పైకెత్తి మెట్ల దిక్కు చూసింది. అయిపోయినంక, "గప్పటి నుంచి వస్తున్న అనే అంటుండు," అన్నది. లేచి పోయి వంకాయ కూర మూత తీసింది. మాకు పెట్టింది. బాగుండె, ఉప్పు మాత్రం రెండుసార్లు పడ్డది.

అన్నకు మాత్రం నేటికీ అది దయ్యమే. లేకపోతే సీడీ ఎందుకు చదువలేదు అంటడు. ఆ డ్రైవ్‌ను నేనే స్పిరిట్‌తోని కడిగిన, ఆ మర్నాడు బాగనే చదివింది అని చెప్తే, చదువుతది, పని అయిపోయింది కదా అంటడు. దయ్యాల సంగతి ఆయన్నే అడగండి. డ్రిప్ పైపుల గురించి అడిగితే చెప్తా.

అయ్యగారి ప్రింటర్‌కు రోగమేం లేకుండె. పాత కంప్యూటర్ కొన్నప్పుడు కంట్రోల్ ప్యానెల్‌లో ప్రింటర్లు అని ఉన్న చోటికి పోయి చూడాలె. టిక్కు గుర్తు పాతోళ్ల ప్రింటర్ మీద ఉంటే, మీ ప్రింటర్ బొమ్మ మీద కుడి బటన్ నొక్కి డిఫాల్ట్ అని పెట్టుకోవాలె. అది దానంతట అది మారదు.